నీళ్ళ కాగు – గృహక్షేమము

(కామారెడ్డిలో జరిగిన మన సంఘ వార్షిక మహాసభయందు చదువబడిన ఉపన్యాసము)



ఈ మహాసభయందు మాకంటె పెద్దలు విద్యాభివృద్ధిని గూర్చియు, వృత్తుల క్షీణదశను గూర్చియు, వివాహములలోని దుర్వ్యయమును గూర్చియు ప్రసంగించియున్నారు. మాకు నిర్ణయింపబడిన విషయము వాని ముందు మిక్కిలి చిన్నది. ఇంట స్నానమునకు కట్టెలపొయ్యిమీద నీళ్ళు కాచుకొనుట యెట్లు? దీనికొక ఉపన్యాసమేల యని కొందఱు ముసిముసి నవ్వులు నవ్వుట చూచుచున్నాము. ఆ నవ్వులను మేము తప్పుపట్టము. కాని అనుదినము జరుగు పనియందలి పొరపాటు అనుదినము జరుగును గదా! ఏడాదికొకమాఱు చేయు పెండ్లిని గూర్చి ఇంత ఆలోచించు మనము, ప్రతి తెల్లవారుజామున మన ఆడువారు కూర్చుండు పొయ్యిని గూర్చి అరగడియ ఆలోచించుట అధికము కాదని మనవి చేయుచున్నాము.

మన సీమ సంగతి తమకు తెలియనిది కాదు. ఇది పీఠభూమి. మార్గశిరము మొదలు మాఘము వఱకు రాత్రులు గట్టిగా చలివేయును. కామారెడ్డి పట్టణమున విద్యుత్తు గీజరులు గల యిండ్లు కలవు. ఎల్లారెడ్డి, లింగంపేట, నాగిరెడ్డిపేట ప్రాంతముల గ్రామములలోనో, జాలారు పక్కన మూడు రాళ్ళు, వానిపై మసిబాఱిన కాగు, దాని క్రింద పచ్చియో యెండో దొరకిన కట్టె, ఇవి నేటికిని కనబడును. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున దీపము పథకమును, 2016లో కేంద్రప్రభుత్వపు ఉజ్జ్వల పథకమును వచ్చి అనేక గృహములకు వంటగ్యాసును చేర్చినవి. అందువలన వంటయింటి పొగ కొంత తగ్గినది, సంతోషమే. అయితే ఇంటిల్లిపాదికి కావలసిన స్నానపు నీటిని గ్యాసుమీద కాచుటకు మనసొప్పదు. సిలిండరు త్వరగా ఖాళీ యగును. అందుచేత అన్నము గ్యాసుమీదికి వచ్చినను నీళ్ళు మాత్రము కట్టెలమీదనే నిలిచినవి. వంటయింటినుండి వెడలిన పొగ దొడ్డిలోనికి పోయి కూర్చున్నది. కనుక ఈ పొయ్యి పాతకాలపు ముచ్చట కాదు; నేటి ముచ్చటయే.

ఇందు మాకు గల అభినివేశమునకు ఒక కారణము కలదు. దానిని దాచక చెప్పుదుము. మా పితామహులు ఎల్లారెడ్డి దాపున ఒక గ్రామమున కంచరిపని చేసి జీవించినవారు. రాగి కాగులు, గంగాళములు, బిందెలు వారి చేతిమీదుగా చాల యిండ్లకు పోయినవి. ఒకానొక యేట వారికొక ఊహ తోచినది. కాగునకు మామూలు మూతకు బదులు మరలు త్రిప్పి బిగించు మూతయున్నచో బూడిద పడదు, ఆవిరి పోదు, నీరు వేగముగా కాగును, కట్టె మిగులును అనుకొనిరి. ఊహ తప్పుగా తోచలేదు. అట్టి కాగును ఒకటి చేసి, ఇతరులకు అమ్ముటకు ముందు మా యింటనే నిలిపిరి. కొన్ని మాసములు అది బాగుగనే పనిచేసినది. మా ఊరి నీరు సున్నపు నీరు. ఆ సున్నము పొరలు పొరలుగా పేరుకొని నల్లా మూసికొనిపోయినదని ఎవరును గమనింపలేదు. ఒక పండుగనాటి తెల్లవారుజామున పొయ్యివద్ద కూర్చుండి కట్టెలు ఎగద్రోయుచున్న మా మేనత్తపై ఆ కాగు పగిలెను. ఆమె ప్రాణములతో బ్రదికినది. కాని కుడిచేయియు, మెడయు కాలి, ఆ మచ్చలతోనే ముసలిదయ్యెను. పెండ్లిచూపులనాడు ఆమె కొంగు మెడచుట్టు కప్పుకొని కూర్చుండినదట. ఆ మాట చెప్పునపుడు మా పితామహుల గొంతు పెగలెడిది కాదు.

ఆనాటినుండి వారు బిగింపు మూత చేయలేదు. మఱియు తమ అంగడినుండి వెలువడు ప్రతి కాగుమూతకును, కొనువారు అడిగినను అడుగకున్నను, బొటనవ్రేలు పట్టునంతటి కన్నము పొడిచి పంపుచుండిరి. "ఇది మా బిడ్డ ఊపిరి కన్నము" అనెడివారు. నేటి మా ఉపన్యాసమంతయు ఆ ఒక్క కన్నమును గూర్చియే. నీటికిని, నిప్పునకును ఊపిరి విడుచుటకు దారి యుండవలెను. ఆ దారి మూసినచో నీరు పగులగొట్టును. నిప్పు ఊపిరి తీయును.

మొదట నీటి సంగతి చూతము. చల్లని నీరు కాగినకొలది ఉబ్బును. ఇరువది డిగ్రీల నీరు నూఱు లీటర్లు మరుగువేళకు సుమారు 104 లీటర్లగును. నిండుగా నింపి బిగించిన పాత్రయందు ఆ నాలుగు లీటర్లకు చోటెక్కడిది? ఇక ఆవిరి మాట చెప్పనే అక్కఱలేదు. ఒక లీటరు నీరు ఆవిరియైనచో 1,600 లీటర్లకు పైబడిన చోటు నాక్రమించును. మూత తెఱచియున్న కాగులో నీరు నూఱు డిగ్రీలకు మించి వేడెక్కదు. ఎంత మంట పెట్టినను ఆ వేడియంతయు ఆవిరియై పోవును. మూసిన పాత్రలో అట్లు కాదు. నీరు 110, 120 డిగ్రీలకు పోయి, లోపలి ఒత్తిడి హెచ్చుచు వచ్చును. 120 డిగ్రీలవద్ద లోపలి ఒత్తిడి బయటి వాయువు ఒత్తిడికి ఇంచుమించు రెట్టింపగును. అట్టి స్థితిలో అతుకు విడిపోయెనా, 50 లీటర్ల నీటిలో సుమారు రెండు లీటర్ల నీరు ఒక్క క్షణమున ఆవిరియై, మూడువేల లీటర్ల చోటును కోరును. కాగు పగులుట యనగా నిదియే. రాగిరేకు దోషము కాదు, అతుకు దోషమును కాదు. దారి లేకపోవుటయే దోషము.

ఇది మన పల్లెలకు మాత్రమే కలిగిన అనుభవము కాదు. ఫ్రాన్సు దేశీయుడగు డెనీ పపేను అనునతడు 1679లో ఆవిరి బిగించి వండు పాత్రను లండనులో ప్రదర్శించెను. ఒత్తిడి మించినపుడు తనంతట తెఱచుకొను కవాటమును దానికి అమర్చుట ఆవశ్యకమని అతడు గ్రహించెను. నేడు మన యిండ్లలోని ప్రెషర్ కుక్కరుమీది బరువును, దాని పక్కనున్న రక్షణ బిళ్ళయు ఆ బుద్ధికి సంతానములే. ఇంగ్లండులో పందొమ్మిదవ శతాబ్దమున వంటపొయ్యి వెనుక నీటి తొట్టిని అమర్చి, గొట్టములద్వారా వేడినీటిని తెచ్చుకొనెడివారు. గడ్డు చలికాలమున ఆ గొట్టములలోని నీరు గడ్డకట్టి దారి మూసికొనగా, తెలియక పొయ్యి రాజేసిన యిండ్లలో ఆ తొట్లు పగిలి మనుష్యులు మరణించిరి. అచ్చట దారి మూసినది మంచు. మా యింట మూసినది సున్నము. ఫలము ఒక్కటే.

అట్లయిన మంచి కాగు ఎట్లుండవలెను? మన పూర్వులు ఎఱిగినదే చెప్పుచున్నాము. మద్నూరు, జుక్కల్, బిచ్కుంద ప్రాంతములు మహారాష్ట్రకు పొరుగున నున్నవి. ఆ మహారాష్ట్రులు బంబ్ అని పిలుచు రాగి బాయిలరును మనలో చూడనివారు తక్కువ. దాని నడుమ నిలువుగా ఒక గొట్టము, గొట్టము అడుగున జల్లెడవంటి ఇనుపజాలీ, దానిపై నిప్పు, చుట్టును నీరు, ప్రక్కన నీరు పోయు గిన్నెవంటి నోరు, క్రిందివైపున నల్లా. రష్యనులు తేనీటికై వాడు సమోవారుయొక్క నిర్మాణమును ఇట్టిదే. ఇందు గమనింపవలసినవి మూడు కలవు. నిప్పు నీటి నడుమ నుండుటచే వేడి వృథాగా పోదు. గొట్టము తానే పొగగొట్టమగుటచే మంట నిలువుగా లాగబడి చక్కగా మండును. నీరు పోయు నోరు ఎల్లప్పుడును తెఱచియే యుండుటచే ఆవిరికి దారి కలదు. ఆ నోటికి గుడ్డ కుక్కుట, కొయ్యబిరడా బిగించుట, మూతపై రాయి పెట్టుట మహాదోషము. బూడిద పడునని భయమున్నచో వదులుగా నుండు చిల్లుల మూత వేయవచ్చును.

రెండవది, నల్లా ఉండవలసిన చోటు. అది అడుగునకు అంటియుండరాదు. నిప్పు తగులు భాగముకంటె నాలుగు అంగుళములు పైగా నుండవలెను. అట్లున్నచో ఎంత త్రిప్పినను కొంత నీరు కాగులో మిగిలియే యుండును, కాగు ఎండిపోదు. నీరున్నంతవఱకు రాగి చల్లగనే యుండును. నీరింకినదా, అతుకు కరగును. సీసమును తగరమును కలిపి చేసిన మామూలు అతుకు 183 డిగ్రీలకే కరుగుట ఆరంభించును. కావున మొదట నీరు, పిమ్మట నిప్పు. ఈ క్రమము తప్పరాదు. ఒకవేళ కాగు ఎండి కాలినదని తెలిసినచో దానిలో చన్నీరు గుమ్మరింపరాదు. ఆ నీరు తాకినంతనే ఆవిరియై ముఖముమీదికి ఎగయును. ముందుగా నిప్పును లాగివేసి, కాగు తనంతట చల్లారువఱకు దూరముగా నుండవలెను.

ఇపుడు కొన్ని గ్రామములలో పాత ఇనుప పీపాలను కొని తెచ్చి, మన కమ్మరులచేత అతికించి, గొట్టము వేయించి, గోడ కావలనున్న స్నానపుగదిలో నల్లా పెట్టించుకొనుచున్నారు. సౌకర్యము మంచిదే; మేము కాదనము. కాని అట్టి ఏర్పాటునందు ఒక నియమము కలదు. పైకప్పు మీది చన్నీళ్ళ తొట్టినుండి ఒక గొట్టము పీపా అడుగునకు దిగవలెను. పీపా తలపైనుండి మఱియొక గొట్టము బయలుదేఱి, ఆ తొట్టికంటెను ఎత్తుగా పోయి, ఆకాశమునకు నోరు తెఱచుకొని యుండవలెను. ఈ రెండింటి నడుమను ఏవిధమైన నల్లాగాని కవాటముగాని యుండరాదు. వాడుకొను నల్లాను వేడినీటి గొట్టమునకు వేఱుగా పెట్టుకొనవచ్చును. గాలిగొట్టమునకు కూడ నల్లా పెట్టుమని అడిగెడివారు కలరు. నీరు పొంగి గోడ తడియుచున్నదని వారి బాధ. గోడ తడిసినచో ఆఱును. కాలిన ఒడలు ఆఱదు. మందుల పీపాలు, రసాయనముల పీపాలు, రంగుల డబ్బాలు ఈ పనికి తేనేరాదు.

ఇక నిప్పు సంగతి. నిప్పు గాలిని భుజించి బ్రదుకును. చాలినంత గాలి దొరకనిచో అది కార్బన్ మోనాక్సైడు అను విషవాయువును విడుచును. దానికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తమున ప్రాణవాయువును మోయు పదార్థమునకు ప్రాణవాయువుకంటె రెండువందల రెట్లు అధికముగా అది అంటుకొనును. తలనొప్పి, వికారము, నిస్సత్తువ కలుగును. మనిషి నిద్ర వచ్చినదనుకొని కన్ను మూయును, మరల తెఱువడు. కావున నిప్పులున్న కాగును స్నానపుగదిలో పెట్టుకొని తలుపు మూసికొనుట, చలికి గది వెచ్చబడునని నిప్పుల కుంపటిని పురుడుగదిలో బాలెంత మంచము క్రింద నుంచి కిటికీలు బిగించుట ప్రాణాపాయకరము. పొగ కనబడలేదు గదా యని ధైర్యము వలదు. ఎఱ్ఱని నిప్పులు పొగ లేకుండనే ఆ వాయువును విడుచును.

కనబడు పొగయు తక్కువది కాదు. ఇండ్లలోని పొగవలన 2020లో ప్రపంచమున సుమారు 32 లక్షలమంది అకాలమరణము పొందిరని ప్రపంచారోగ్యసంస్థ లెక్కగట్టినది. అందు అయిదేండ్లలోపు బిడ్డలు రెండు లక్షలకు మించియున్నారు. ఊపిరితిత్తుల జబ్బు, గుండెజబ్బు, పక్షవాతము, కంటిశుక్లములు దీని ఫలములు. "మా అమ్మ డెబ్బదియేండ్లు ఈ పొగలోనే బ్రదికినది" అని మనము చెప్పుకొందుము. ఆమె ఎన్నియేండ్లు దగ్గినదో మనము లెక్కపెట్టలేదు.

ఈ పొగను తఱిమివేయుటకు మన హైదరాబాదుననే ఒక మహాశయుడు పాటుపడెనని తెలిసికొనుట మనకు గర్వకారణము. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయమునకు చెందిన డాక్టరు ఎస్. పి. రాజుగారు మట్టితో కట్టుకొనదగిన పొగలేని పొయ్యిని రూపొందించి, కోట్లమంది యిండ్లకు పొగలేని వంటిల్లు ఎట్లు సాధ్యమో తెలుపుచు 1953లో ఆంగ్లమున ఒక పుస్తకమును ప్రకటించిరి. ఆ పొయ్యికి ఆ పరిశోధనాలయపు పేరే నిలిచినది. అంతకు కొంచెము ముందు, 1947లో, వార్ధాలోని మగన్‌వాడిలో మగన్ చుల్హా పుట్టినది. పిమ్మట 1983 మొదలు 2002 వఱకు కేంద్రప్రభుత్వము మెఱుగు పొయ్యిల పథకమును దేశమంతట నడిపినది. పొయ్యిలు కోట్లకొలది కట్టబడినవి. కాని పొగగొట్టమును తుడుచువారు లేకయు, బీటలు వాఱిన పొయ్యిని మరల అదుకువారు లేకయు అనేకము మూలబడినవి. దీనినుండి మనము నేర్వవలసిన పాఠము కలదు. పొయ్యిని కట్టించుట ఒకనాటి పని. దానిని కాపాడుట నిత్యకృత్యము. ఆ నిత్యకృత్యమునకు గ్రామమునందే ఒక చేతిపనివాడు ఉండవలెను. ఆ పనివాడు మనవాడు కాకున్న మఱెవ్వడు?

పొగగొట్టము పెట్టునపుడు కొన్ని జాగ్రత్తలు కావలెను. అది పైకప్పు శిఖరముకంటె కనీసము రెండడుగులు ఎత్తుగా నుండవలెను. లేనిచో గాలి పొగను తిరుగగొట్టును. గడ్డికప్పు, తాటాకు, కొయ్యదూలము వీనిని గొట్టము తాకరాదు. నడుమ జానెడు ఖాళీ యుంచి రేకుతో మఱుగు చేయవలెను. నెలకొకమాఱు మసి దులుపవలెను. పేరుకొనిన మసి తానే అంటుకొని మండును. పొయ్యి చుట్టు రెండు మూడడుగుల మేర కట్టెమోపుగాని, పశువుల గడ్డిగాని, ఆఱవేసిన బట్టలుగాని ఉండరాదు.

కట్టె విషయమున ఒక చిన్న లెక్క చెప్పి ముందుకు పోదుము. ఇంట అయిదుగురు, ఒక్కొక్కరికి 20 లీటర్లు, మొత్తము 100 లీటర్ల నీటిని 20 డిగ్రీలనుండి 40 డిగ్రీలకు తెచ్చుటకు 2,000 కిలోకెలోరీల వేడి చాలును. బాగుగా నెండిన కట్టె ఒక కిలోలో సుమారు 4,000 కిలోకెలోరీలు కలవు. అనగా ఒక్క పలుకు పొల్లుపోనిచో అరకిలో కట్టె చాలును! కాని మూడు రాళ్ళ పొయ్యిలో పదింట ఒక వంతు వేడియే నీటికి చేరును, తక్కినది గాలిపాలు. అందుచే అయిదు కిలోలు కాల్చుచున్నాము. మంటను చుట్టుముట్టిన గోడయు, క్రింద జాలీయు, పైన పొగగొట్టమును ఉండి, నాలుగింట ఒక వంతు వేడి నీటికి చేరినచో రెండు కిలోలు చాలును. దినమునకు మూడు కిలోల చొప్పున నాలుగు మాసముల చలికాలమున ఒక్క యింట 360 కిలోల కట్టె మిగులును. ఆ కట్టెను అడవినుండి తలమీద మోసికొని వచ్చువారెవరో తాము ఎఱుగుదురు.

కట్టె ఎండినదై యుండవలెను. పచ్చికట్టె బరువులో ఇంచుమించు సగము నీరే. మనము నీరు కాచుటకు పూనుకొని, మొదట కట్టెలోని నీటిని కాచి ఆవిరి చేయుచున్నామన్నమాట! అందుచేతనే ఆ పొగ, ఆ కన్నీరు. కామారెడ్డి బెల్లము పేరు వినని తెలుగువారు తక్కువ. చెఱకుగానుగవద్ద పొయ్యి నడుపువానిని చూచియున్నారా? అతడు పచ్చి పిప్పిని పొయ్యిలో వేయడు. ఎండలో పఱచి, కరకరలాడునట్లు ఎండిన తర్వాతనే పిడికెడు పిడికెడుగా అందించును. మంట ఆఱనీయడు, పొయ్యి కుక్కనీయడు. బెల్లము చెడునని అతనికి భయము. మన యింటి పొయ్యివద్ద అంతటి శ్రద్ధ ఎందుకు లేదు? అడవి చెట్టును నఱకనక్కఱయు లేదు. కందికట్టె, పత్తికట్టె, మక్కబెండ్లు మన పొలములలోనే దొరకును. వానలకు ముందే ఎండబెట్టి కప్పు క్రింద దాచుకొనిన చాలును. ప్లాస్టిక్ సంచులు, సైకిలు టైర్లు, రంగువేసిన చెక్కలు పొయ్యిలో వేయరాదు. వాని పొగ విషము. ఆఱుచున్న నిప్పులపై కిరసనాయిలు పోయరాదు. మంట డబ్బాలోనికే ఎగబ్రాకును.

ఇక కాగిన నీరు బిడ్డల పాలిటి నిప్పే. 60 డిగ్రీల నీరు పెద్దవారి చర్మమును అయిదు సెకండ్లలో లోతుగా కాల్చును; పసివారి చర్మమును అంతకంటె త్వరగా కాల్చును. స్నానమునకు 40 డిగ్రీలు దాటనక్కఱలేదు. కావున బకెట్టులో మొదట చన్నీరు పోసి, పిమ్మట వేడినీరు కలుపవలెను. క్రమము తాఱుమాఱైనచో బిడ్డ ముందుగనే చేయిపెట్టును. మోచేతితో చూచి బిడ్డపై పోయవలెను. మరుగు గంగాళమును ఇద్దఱు మోసికొని వాకిలి దాటుట మానవలెను. నల్లా యున్న కాగే మేలు. పొయ్యివద్ద కూర్చుండువారు కొంగును నడుమునకు చెక్కుకొనవలెను. జారు నైలాను చీరకంటె నూలుచీర మేలు. ఒకవేళ కాలినచో, వెంటనే ఇరువది నిమిషములు పాఱుచున్న చల్లని నీటి క్రింద నుంచవలెను. సిరా, పసుపు, వెన్న, పండ్లపొడి, పేస్టు ఇవి పూయరాదు. శుభ్రమైన గుడ్డ కప్పి వైద్యునికడకు కొనిపోవలెను. మా మేనత్త చేతికి ఆనాడు పూసినది సిరా. తెలియక చేసిన ఆ ఉపచారమే పుండును ముదురజేసినదని మేము నమ్ముచున్నాము.

త్రాగునీటిని గూర్చి ఒక మాట. బాగుగా తెర్లుచు ఒక నిమిషము మరిగినచో నీటిలోని రోగక్రిములు నశించును. కాని ఫ్లోరైడు మరిగించుటవలన పోదు. నీరింకినకొలది దాని పాలు హెచ్చును. స్నానపు కాగులోని నీటిని త్రాగుటకు వాడరాదు. పాత అతుకులలో సీసముండును. కాగులో పేరుకొనిన సున్నమును చింతపండు పులుసుతో నెలకొకమాఱు కడిగి, నల్లాలోను, ఊపిరి కన్నములోను పుల్ల పెట్టి చూచుకొనవలెను. ఆ పుల్లకు అయ్యెడి ఖర్చు ఏమియు లేదు. మా యింట ఆ పుల్ల ఆడియున్నచో మా మేనత్త మెడపై కొంగు కప్పుకొనవలసిన పని లేకపోయెడిది.

మహాజనులారా! ఇంతవఱకు చెప్పినదానిని మూడు మనవులుగా ముగింతుము.

మొదటి మనవి మన వృత్తిదారులకు. కంచరి సోదరులారా, కమ్మరి సోదరులారా! రాగి పాత్ర పోయి ఇనుము, ప్లాస్టిక్ వచ్చి మన అంగళ్ళు వెలవెలబోవుచున్నవి. వచ్చిన బేరమును విడుచుట కష్టమని మాకు తెలియును. ఆకలి యెఱిగిన యింటనే మేమును పుట్టితిమి. అయినను, గాలిదారి మూయుమని అడిగిన పనిని మనము చేయరాదు. "నీవు చేయకున్న వేఱొకడు చేయును" అని కొనువాడు బెదరించును. చేయనిండు. మన చేతి గుర్తు పడిన కాగు ఏ యింటి ఆడుబిడ్డను కాల్చదను నమ్మకమే మనకు మిగిలిన మూలధనము. ప్రతి మూతకును ఊపిరి కన్నము పొడిచియే అంగడి దాటింపవలెనని ఈ సభ ఒక తీర్మానము చేయవలెనని కోరుచున్నాము.

రెండవ మనవి పోషకులకు, దాతలకు. మన విద్యార్థి వసతిగృహమున చలికాలమున పిల్లలు చన్నీటితోనో, విద్యుత్తు కడ్డీని బకెట్టులో ముంచియో స్నానము చేయుచున్నారు. ఆ కడ్డీ నీటిలో నున్నపుడు నీటిని ముట్టిన చేతికి విద్యుత్తు తగిలి ప్రాణము పోవుట మనము వినుచున్నదే. పొగగొట్టము, గాలిగొట్టము సక్రమముగా నున్న పెద్ద కాగును ఒకదానిని మనవారిచేతనే చేయించి ఆవరణమున నిలుపుడు. ఎండ మెండుగా గల సీమ మనది; శక్తిగల దాతలు సూర్యతాపముతో నీరు కాచు సాధనమునే సమకూర్చినచో మఱియు మంచిది. మబ్బు పట్టిన దినములకు కాగు తోడుండును.

మూడవ మనవి గృహస్థులకు. "నీళ్ళు కాగినవా?" అని పడకనుండి కేక వేయుట మనకు అలవాటు. రేపటి తెల్లవారుజామున ఆ కేక వేయక లేచి, పొయ్యివద్దకు పోయి, పావుగంట కూర్చుండి చూడుడు. పొగ ఎటు పోవుచున్నదో, మూత ఎట్లున్నదో, కట్టె పచ్చిదో యెండుదో, పిల్లవాడు ఎంత దూరమున ఆడుచున్నాడో ఆ పావుగంటలో తెలియును. ఈ ఉపన్యాసమునకంటె ఆ పావుగంటయే ఎక్కువ బోధించును.